బండి కిందికి దూరండి

తాడేపల్లిలో పుట్టి బండ్లంటే మోజు లేని కుర్రకారు ఎవరైనా ఉంటే నాకు చూపించండి. చెన్నై నుంచి కోల్‌కతా పోయేదైనా, అటునుంచి ఇటు వచ్చేదైనా కనకదుర్గ వారధి మీదుగా మన ఊరి ముందు నుంచే పోయేది. చీమకుర్తి గ్రానైటు మోసే ట్రెయిలర్లు, రొయ్యల కంటైనర్లు, మాల వేసుకున్న స్వాముల బస్సులు, మిర్చి టిక్కీలతో గుంటూరు యార్డుకు పోయే ట్రాక్టర్లు, ఇవన్నీ చూస్తూనే పెరిగారు. ఇప్పుడు ఫోన్లో వేరే రకం బండ్లు చూస్తున్నారు. లోపల మంచం, పొయ్యి, నెత్తిన సోలార్ పలకలు, వెనక తగిలించిన చిన్న ట్రెయిలర్. పాత ఫోర్స్ ట్రావెలర్ ఒకటి కొని, దాన్నే ఇల్లు చేసుకుని లద్దాఖ్ దాకా పోదామని నలుగురు చేరి రాత్రిళ్లు లెక్కలు కడుతున్నారు. నాకు తెలియదనుకోకండి.

వెళ్లండి. నిక్షేపంగా వెళ్లండి. "ఉద్యోగం సద్యోగం చూసుకోకుండా ఇదేం పిచ్చిరా" అనే పెద్దల్లో నన్ను కలపకండి. దేశం చూడాలనుకునే వయసు ఇదే. కాకపోతే ఒక్క మాట అడుగుతాను. స్టీరింగ్ పట్టే ముందు బండి కిందికి దూరండి. వీపుకు మట్టి అంటనివ్వండి, గోళ్లలోకి గ్రీజు పోనివ్వండి. మీరు తిరగబోయేది మామూలు కారు కాదు. పడుకునేది అందులోనే, వండుకునేది అందులోనే, మీతో వచ్చేవాళ్ల ప్రాణాలూ అందులోనే. అలాంటి బండి గురించి మెకానిక్కుకు తెలిస్తే చాలులే అనుకునేవాడు దానికి ఓనరు కాడు, డబ్బు కట్టిన ప్యాసింజరు.

మోటార్‌హోమ్ అనే ఈ ఇంటి బండి అమెరికా సరుకని, మనకు కొత్తదని కొందరు అంటారు. తెలుగువాళ్లు ఎరిగిన మోటార్‌హోమ్‌లలో అన్నిటికన్నా పేరున్నది 1982 నాటిది. ఆ ఏడాది మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు పాత షెవ్రొలే వ్యాను ఒకదాన్ని మార్పించి, చైతన్య రథం అని పేరు పెట్టి, 1983 జనవరి ఎన్నికల దాకా రాష్ట్రం నలుమూలలా దాంట్లోనే తిరిగారు. పైకప్పే వేదిక, లోపలే పడక, రోడ్డు పక్కనే స్నానం, భోజనం. ఎవరి రాజకీయం వాళ్లది, నాకు ఆ జోలి వద్దు. నేను చెప్పేది స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి గురించి. అది ఆయన కొడుకు హరికృష్ణ. ఆనాటి రోడ్ల మీద, ముందూ వెనకా జనసముద్రం మధ్య, పైకప్పు మీద మనిషి నిలబడి ఉండగా అంత బరువైన పాత వ్యానును నెలల తరబడి నడపడం ఎంత ఓర్పుతో కూడిన పనో లారీ తోలినవాళ్లను అడగండి.

అదే హరికృష్ణ 2018 ఆగస్టు 29న తెల్లవారుజామునే హైదరాబాద్ నుంచి కావలిలో ఓ పెళ్లికి బయల్దేరి, తానే కారు నడుపుతూ, నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర ప్రమాదంలో చనిపోయారు. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అంతటి చెయ్యి తిరిగిన డ్రైవరు! నేర్పు ఎంతున్నా బెల్టు చేసే పని నేర్పు చెయ్యదు. మోటార్‌హోమ్‌లో అయితే ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. వెనక మంచం ఉంది కదా అని బండి నడుస్తుండగా పడుకునేవాళ్లుంటారు, పొయ్యి మీద టీ పెట్టేవాళ్లుంటారు. బండి కదులుతున్నంతసేపూ ప్రతి మనిషీ సీట్లో, బెల్టులో ఉండాల్సిందే. మంచం సంగతి బండి ఆగాక.

ఇక అసలు విషయానికి వస్తాను. వెనక ఇంకో బండిని తగిలించి లాగడం.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు సెలవుల్లో ఆర్వీ (మోటార్‌హోమ్‌ను అక్కడ అలా అంటారు) అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్ పోతారు. అక్కడ ఆర్వీ వెనక కారు తగిలించుకుపోవడం మామూలే. ఆ వీడియోలు చూసి మీరు ఆశ్చర్యపోతున్నారు గానీ, లాగుడు విద్యలో ఈ గుంటూరు, ప్రకాశం మైదానాల మనుషులకు మించినవాళ్లెవరు? ఫిబ్రవరి నుంచి మే దాకా మన రోడ్ల మీద రాత్రంతా నడిచేది అదే పని. ఒక్కో మిర్చి టిక్కీ, అంటే బస్తా, 40 కిలోలు వేసుకున్నా వంద టిక్కీలంటే 4 టన్నులు. లాగే ట్రాక్టర్ బరువు చూస్తే అందులో సగం. లాగడానికి ట్రాక్టర్‌కు సత్తువ ఉంది, ఆ బరువును ఆపడానికి ఉందా? ట్రాక్టర్ వెనక తగిలించే చాలా ట్రక్కులకు సొంత బ్రేకులే ఉండవు. పల్లంలో ట్రాక్టర్ బ్రేకు వేస్తే వెనకున్న 4 టన్నులు ఆగనంటాయి. పిన్ను దగ్గర మడత పడి, ట్రక్కు పక్క నుంచి వచ్చి ట్రాక్టర్‌నే తోసేస్తుంది. కాబట్టి మీరు కొనే ట్రెయిలర్ ఏదైనా ధర తర్వాత అడగండి, బ్రేకులున్నాయా అని ముందు అడగండి. లాగే బండి కంపెనీ పుస్తకంలో ఎంత బరువు లాగవచ్చో రాసి ఉంటుంది. బ్రేకులున్న ట్రెయిలర్‌కు ఒక లెక్క, లేనిదానికి దానికన్నా బాగా తక్కువ లెక్క. ఆ పుస్తకం సీలు కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డులో పడేసి "మన బండి ఎంతైనా లాగుద్దిరా" అనడం మన రోగం.

బరువు సర్దడం మీ తాతలకు బాగా తెలుసు. ఎద్దుల బండిలో బస్తాలు ఇరుసుకు ముందు కొన్ని, వెనక కొన్ని వేసి, కాడిని చేత్తో ఎత్తి చూసేవాళ్లు. ముందు ఎక్కువైతే ఎద్దుల మెడలు కుంగుతాయి. వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి పలుపులు గొంతుకు బిగుస్తాయి. మొగ్గు కొంచెం ముందుకే ఉండాలి, మరీ ఉండకూడదు. లక్షలు పోసి కొన్న కారవాన్‌కైనా ఇదే సూత్రం. ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలి. టన్ను ట్రెయిలర్ అయితే హుక్కు దగ్గర 100 నుంచి 150 కిలోలు. వెనక బరువెక్కువైతే ఇక్కడ పలుపు బిగుసుకునే ఎద్దు లేదు గనుక ఊళ్లో తిరిగినంతసేపు మీకేమీ తెలియదు. హైవే ఎక్కి 70, 80 పట్టాక తెలుస్తుంది. ముందు చిన్నగా అటూ ఇటూ ఊగుతుంది. పక్క నుంచి కంటైనర్ దూసుకుపోయిన గాలికి ఆ ఊపు పెరుగుతుంది. అప్పుడు గుండె జారి బ్రేకు తొక్కినవాడూ, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి సరిచేయబోయినవాడూ బోల్తా పడతారు. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యండి. స్టీరింగ్ తిన్నగా బిగించి పట్టుకోండి. ట్రెయిలర్ బ్రేకు విడిగా వేసే వీలుంటే అది మాత్రం మెల్లగా వెయ్యండి. వేగం తగ్గుతుంటే ఊపు దానంతటదే చచ్చిపోతుంది. తర్వాత బండి పక్కకు ఆపి, వెనక ఉన్న బరువులు ముందుకు జరపండి. "ఇప్పుడు బాగానే ఉందిగా" అని అలాగే లాగించకండి.

బరువు ఒక్కటే కాదు, ఎత్తు కూడా చూడాలి. దాన్ని మనకు పత్తి నేర్పుతుంది. జిన్నింగు మిల్లుకు పోయే పత్తి లోడు చూశారుగా, ట్రక్కు అంచులు దాటి పక్కలకు ఉబ్బి, కరెంటు తీగలకు తగిలేంత ఎత్తున. బరువు మిర్చిలో సగం కూడా ఉండదు. అయినా ఒక చక్రం గుంటలో పడితే చాలు, పక్కకు ఒరుగుతుంది. మోటార్‌హోమ్‌ది పత్తి లోడు స్వభావం. ఎత్తు ఎక్కువ, గాలి తగిలే గోడలు పెద్దవి. సాయంత్రం ఈదురుగాలి వేళ వారధి మీద బైకు మీద పోయినవాళ్లకు కృష్ణ గాలి ఎలా తోస్తుందో తెలుసు. రేపు మీ బండినీ అలాగే తోస్తుంది, వేగం తగ్గించాల్సిందే. మీ బండి ఎత్తు ఎంతో సోలార్ పలకలు, ఏసీ డబ్బాతో సహా టేపు పెట్టి కొలిచి, అంకె కాగితం మీద రాసి స్టీరింగ్ ముందు అంటించండి. రైల్వే అండర్‌పాస్ ముందు నిలబడి "పట్టుద్దా, పట్టదా" అని పందేలు కాసే పరిస్థితి రాకూడదు.

ఇప్పుడు నాతో పాటు ఒక్క క్షణం వంగి పిన్ను చూడండి. ట్రాక్టర్‌కూ ట్రక్కుకూ మధ్య ఉన్న సంబంధమంతా రెండు వేళ్ల లావు ఇనప పిన్ను. అది పైకి ఎగిరి రాకుండా కింద చిన్న క్లిప్పు. కొత్తలో క్లిప్పు ఉంటుంది. ఓ సీజను గడిచాక దాని చోట మేకు ఉంటుంది, ఆ తర్వాత బైండింగు వైరు. పిన్ను బయటికి తీసి గుడ్డతో తుడిచి వేలితో తడమండి. నడుమ గాడి పడి ఉంటే అది సగం తెగిందనే లెక్క. కొత్త పిన్ను, క్లిప్పు ఖర్చు మీ గ్యాంగు ఒక పూట బిర్యానీకి పెట్టే ఖర్చు కంటే తక్కువ. పిన్ను ఊడినా బండి విడిపోకుండా గొలుసులు రెండుండాలి. అవి హుక్కు కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా దాటేలా వెయ్యాలి. అప్పుడు ట్రెయిలర్ ముందు కొస నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద ఆనుతుంది. వెనక లైట్లు, ఇండికేటర్లు వెలుగుతున్నాయో లేదో బయల్దేరేముందు ఒకరు లోపల కూర్చుని, ఒకరు వెనక నిలబడి చూడాలి. చీకట్లో లైటు లేని ట్రక్కును గుద్దుకుని ఎంతమంది బైకు కుర్రాళ్లు పోయారో ప్రతి ఊరికీ ఒక లెక్కుంది.

ట్రాక్టర్ నడిపే తమ్ముళ్లకు ఇక్కడే ఇంకో రెండు మాటలు. మీ బ్రేకు పెడళ్లు రెండు. పొలంలో మలుపు తిప్పడానికి విడివిడిగా వాడతారు. రోడ్డెక్కేముందు ఆ రెండింటినీ కలిపే గొళ్లెం వెయ్యకపోతే, వేగంలో ఒకవైపు చక్రమే ఆగి ట్రాక్టర్ గిర్రున తిరుగుతుంది. రెండోది, దిగబడిన బండిని లాగేటప్పుడు తాడుగానీ గొలుసుగానీ కింద డ్రాబార్‌కే కట్టాలి. ఇరుసుకన్నా పైన, టాప్ లింకు దగ్గర కట్టి క్లచ్చి వదిలారంటే వెనక చక్రాలు కదలవు, ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. ట్రాక్టర్ వెనక్కి తిరగబడి డ్రైవరు మీదే పడడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. ఏం జరిగిందో తెలిసేలోపే అయిపోతుంది.

ట్రెయిలర్లో మనుషులను ఎక్కించకండి. కూలీలనైనా సరే, పెళ్లివారినైనా సరే. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిర్చి కోతకు వెళ్లి వస్తున్న కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని గుద్దింది. తీగలు మీద పడ్డాయి. పొద్దున చద్దిమూటతో వెళ్లిన మనుషులు సాయంత్రం ఇంటికి రాలేదు. దీని మీద ఇంకేం చెప్పాలి? పొలానికి మనుషులను తీసుకుపోవడానికి వేరే బండి లేదనే మాట నిజమే. ఆ మాట అధికారుల ముందు, రైతుల ముందు గట్టిగా అడగాల్సింది కూడా మీరే. కారవాన్ ట్రెయిలర్ అయినా అంతే. లోపల సోఫా ఉంది కదా అని నడుస్తున్న ట్రెయిలర్లో ఎవరినీ కూర్చోబెట్టకూడదు.

వెనక్కి తోలడం వస్తే సగం విద్య వచ్చినట్టే. స్టీరింగ్ కింది అంచున చెయ్యి వెయ్యండి. ట్రెయిలర్ ఎడమకు పోవాలంటే చెయ్యి ఎడమకు, కుడికి పోవాలంటే కుడికి. కొంచెం కొంచెంగా తిప్పండి. మెలిక పడిందనిపిస్తే మొండికెయ్యకుండా ముందుకు వెళ్లి తిన్నగా చేసుకుని మళ్లీ మొదలెట్టండి. మిర్చి అయిపోయాక కల్లాలు ఖాళీగా ఉంటాయి. పాత టైర్లు నాలుగు అడ్డంగా పెట్టుకుని అక్కడ సాధన చెయ్యండి. తోలేవాడికి వెనక నిలబడి సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి. నలుగురు నాలుగు రకాలుగా "రా... రా... ఆపు... పర్లేదు రా" అని అరిస్తే గోడ కూలుతుంది.

మన నేల గురించి కూడా ఒక మాట. ఎండలో నల్లరేగడి రాయిలా ఉంటుంది, నెర్రెలు తప్ప ఏమీ కనపడవు. మూడున్నర టన్నుల బండి నిక్షేపంగా నిలబడుతుంది. రాత్రి ఒక్క జల్లు పడితే తెల్లారేసరికి ఇరుసు దాకా దిగబడుతుంది. అందుకే రాత్రి మజిలీకి చేను గట్టు ఎంత అందంగా కనపడినా మొరం పోసిన చోటో, సిమెంటు గచ్చో వెతుక్కోండి. దిగబడితే చక్రం గిరగిరా తిప్పకండి, అది బండికి గొయ్యి తవ్వడమే. చక్రం ముందు మట్టి తీసి, గోతాలో చెక్కలో వేసి, టైర్లలో గాలి కొంత తగ్గించి, రెండో గేరులో మెల్లగా రండి. ఎవరైనా లాగుతుంటే తాడుకు దగ్గర్లో మనిషి ఉండకూడదు. తెగిన తాడు కొరడా అవుతుంది.

రోడ్డు మీద చెడిపోయిన కారును తాడుతో లాగడం వేరే కథ. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదని నిబంధన. ఇంజను ఆగిన బండికి బ్రేకు, స్టీరింగ్ రెండూ మొండికేస్తాయి, బలంగా తొక్కాలి, బలంగా తిప్పాలి. ఆటోమేటిక్ గేర్ల కారైతే చక్రాలు నేల మీద దొర్లేలా లాగనే లాగవద్దు. ఇంజను తిరగనిదే గేరుబాక్సులో ఆయిలు పారదు. పొడిగా తిరిగిన గేర్లు కాలిపోతాయి. కరెంటు కార్లదీ అదే జాగ్రత్త. వాటిని ప్లాట్‌ఫారం లారీ మీదికి ఎక్కించాల్సిందే. నేషనల్ హైవే మీద ఆగిపోతే 1033కు ఫోన్ చెయ్యండి.

లాగడం అయింది. ఇక బండిని కాపాడుకోవడం. దీనికి మీ గురువులు వారధి అవతలే ఉన్నారు. బెజవాడ ఆటోనగర్ వెళ్లి ఒక పూట ఊరికే నిలబడండి. ఒకచోట కమాను కట్టలు దించుతుంటారు, ఇంకోచోట లారీ బాడీకి చెక్కలు బిగిస్తుంటారు. అక్కడో లారీ ఆగుతుంది. క్లీనరు కుర్రాడు దిగి, ముందు చక్రం కింద రాయి పెట్టి, చేతిలో రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టుకుంటూ చుట్టూ తిరుగుతాడు. ఖంగుమని మోగితే గాలి సరిగ్గా ఉన్నట్టు. మొద్దుగా పలికితే జంట టైర్లలో లోపలిది దిగిపోయినట్టు. తర్వాత అరచెయ్యి తిప్పి, చేతి వెనక భాగం హబ్బు దగ్గర పెడతాడు. నాలుగు హబ్బుల్లో ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే బేరింగు పోతోందన్నా కావాలి, బ్రేకు పట్టేసిందన్నా కావాలి. బడి మానేసిన ఆ పిల్లాడికి ఏ మీటరూ అక్కర్లేదు. మీరు చదువుకున్నవాళ్లు. గాలి కొలిచే గేజు ఒకటి కొనుక్కోండి, ఆ కుర్రాడి చెయ్యినీ నేర్చుకోండి. ఒక్క విషయంలో మాత్రం కొందరు క్లీనర్ల దారి పట్టకండి. చక్రం కింద పెట్టిన రాయిని పోయేటప్పుడు రోడ్డు మీదే వదిలేస్తారు. చీకట్లో వచ్చే బైకుకు అదే యముడు. మీ రాయి మీరే తీసి పక్కన పడెయ్యండి.

టైర్ల విషయం ఎంత చెప్పినా తక్కువే. లారీ టైరు తిరిగి తిరిగి అరుగుతుంది. మోటార్‌హోమ్ టైరు తిరక్క చస్తుంది. ఏడాదిలో పది నెలలు షెడ్డులోనో వేపచెట్టు కిందో నిలబడి, పైకి కొత్తగా, గాట్లన్నీ నిండుగా కనపడుతూనే రబ్బరు లోపల ఎండి బీటలు వారుతుంది. టైరు పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. అయిదారేళ్లు దాటిన టైర్లను టైర్ల షాపులో చూపించకుండా దూరప్రయాణానికి తియ్యకండి. గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. మన రెంటచింతల ఎండ సంగతి మీకు చెప్పాలా? మే నెల మధ్యాహ్నం సిమెంటు రోడ్డు మీద, తక్కువ గాలితో, ఎక్కువ బరువుతో పోయే టైరు నలిగి నలిగి వేడెక్కి పేలుతుంది. "ఎండాకాలం గాలి తగ్గించి కొట్టండి" అనే సలహా ఇప్పటికీ పంక్చరు షాపుల్లో వినపడుతుంది. వినకండి. కంపెనీ చెప్పినంత కొట్టించండి. గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం ఒప్పదు, వానలో రోడ్డూ ఒప్పదు. స్టెప్నీ, జాకీ, వీల్ స్పానరు ఉంటే సరిపోదు. ఇంటి దగ్గర ఒకసారి చక్రం మీరే విప్పి మీరే బిగించండి. అందులో ఆడపిల్లలు, మగపిల్లలు అని తేడా లేదు. అక్కచెల్లెళ్లూ, "అన్నయ్య వేస్తాళ్లే" అని పక్కన నిలబడకండి. స్పానరుకు ఓ మూరెడు పైపు తొడిగితే బిగుసుకున్న నట్టు మీ చేతికీ వదులుతుంది.

బ్రేకు ఆయిలు గాల్లో తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన ఆయిలు ఘాటు దిగేటప్పుడు మరిగి, పెడలు మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్పించండి. వైపరు రబ్బర్లు, కూలెంటు, బెల్టులు సరేసరి.

లోపలి సంసారంలో మూడు లెక్కలు తెలిస్తే చాలు. లీటరు నీళ్లంటే కిలో బరువు. 200 లీటర్ల ట్యాంకు నింపితే ముగ్గురు మనుషులను అదనంగా ఎక్కించుకున్నట్టు. ట్యాంకు ఇరుసుకు దగ్గరగా, కిందుగా పెట్టించండి. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్‌అవర్ల కరెంటు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే దించితే తొందరగా పాడవుతుంది, కాబట్టి మీ చేతిలో ఉన్నది 600. 30 వాట్ల ఫ్యాను 20 గంటలు తిరుగుతుంది. ఏసీ వేస్తే గంట నిలిస్తే గొప్ప. ఇక గ్యాసు. గాలి కంటే బరువైనది కనుక లీకైతే పైకి పోదు, నేల మీద పేరుకుంటుంది. కిటికీ తెరిచాం కదా అంటే చాలదు. సిలిండరు ఉన్న అర అడుగున బయటికి కన్నం ఉండాలి. బండి కదిలేముందు రెగ్యులేటరు ఆపెయ్యాలి. తలుపులన్నీ మూసి లోపల పొయ్యిగానీ బొగ్గుల కుంపటిగానీ వెలిగించి చలి కాచుకుంటూ నిద్రపోతే లేవరు. వాసన లేని ఆ విషవాయువు పేరు కార్బన్ మోనాక్సైడ్. కొండల్లో టూరిస్టుల ప్రాణాలు తీసేది తరచూ అదే.

ఇదంతా చెబుతుంటే మీలో కొందరు చూపు తిప్పుకుంటున్నారు. మీ డబ్బులు ఎక్కడికి పోతున్నాయో నాకు తెలుసు. కింద నీలం రంగు ఎల్‌ఈడీ దండలు, గుండె అదిరే సౌండు బాక్సులు, వంతెన దాకా వినపడే హారన్లు. అవి తర్వాత. ముందు టైర్లు, బ్రేకులు, లైట్లు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. వ్యాను లోపల ఇష్టమొచ్చినట్టు కోసి మార్చుకోవడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కుదరదు. ముందు ఆర్టీఓ అనుమతి తీసుకుని, మార్పును ఆర్‌సీలో ఎక్కించాలి. క్యాంపర్ వ్యాన్ అనే తరగతి రిజిస్ట్రేషన్లో ఉంది. ట్రెయిలర్‌కు వేరే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు కాగితంలోనూ దాని ప్రస్తావన ఉండాలి. అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయల దగ్గర మొదలై ప్రతి అదనపు టన్నుకూ 2,000 చొప్పున పెరుగుతుంది. ప్రమాదం జరిగాక కాగితం సరిగ్గా లేదని క్లెయిము తిప్పి పంపితే అప్పుడు ఎవరిని తిట్టుకుని ఏం లాభం?

మొదటి ప్రయాణం లద్దాఖ్‌కు వద్దు. బాపట్ల దగ్గర సూర్యలంకకు పోండి. ఒక్క రాత్రి ఉండండి. ఏ తలుపు గడగడలాడుతోందో, ఏ పైపు కారుతోందో, మీ నలుగురిలో ఎవడు గురకపెడతాడో అక్కడ తేలిపోతుంది. ఉప్పుగాలి తగిలిన బండి అడుగు భాగాన్ని వచ్చాక మంచినీళ్లతో కడగండి. రెండోసారి నాగార్జునసాగర్. ఆ తర్వాత వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం. దోర్నాల నుంచి పైకి పులుల అడవి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు, దాన్నిబట్టి బయల్దేరండి. ఘాటులో డ్రైవర్ల మాట ఒకటే: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. డీజిలు ఆదా అని న్యూట్రల్ చేసి దొర్లించేవాడి బ్రేకులు రెండు మలుపుల్లో కాగిపోతాయి. కాలిన వాసన వస్తే వెడల్పున్న చోట ఆపి చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం గుమ్మరించకండి. ఇంకొకటి, మన లారీ డ్రైవర్లు ఇరుకు క్యాబిన్లో వంట చేసుకుని, అక్కడే నడుం వాల్చి దేశమంతా తిరుగుతున్నారు. మనకు తెలిసిన అసలు మోటార్‌హోమ్ అదే. క్యాబిన్‌కు ఏసీ ఉండాలనే నిబంధన కూడా 2025 నుంచి తయారయ్యే లారీలకే వచ్చింది, ఇన్నేళ్లకు. వాళ్లు ఏ ధాబా ముందు వరసగా ఆగుతారో మీరూ అక్కడే ఆగండి. వెలుతురుంటుంది, మనుషులుంటారు, దారి సంగతులు చెబుతారు. డ్రైవరు 8 గంటల కంటే ఎక్కువ పని చెయ్యకూడదని, 5 గంటలయ్యాక అరగంట విశ్రాంతి ఇవ్వాలని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. లారీ డ్రైవర్లకు అది అమలైంది అంతంతమాత్రమే. మిమ్మల్ని తరిమే యజమాని లేడు. మీరైనా పాటించండి. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను కునుకు తీస్తే బండి 20 మీటర్లు మీరు లేకుండా పోయినట్టే.

టాయిలెట్ ట్యాంకును కాలువలో ఒంపేవాడు నా ఎదురుగా పడకుండా ఉంటే మంచిది. కృష్ణ మీదున్న మన బ్యారేజీ దగ్గర మొదలైన కాలువ నీళ్లే కింద డెల్టా ఊళ్ల తాగునీటి చెరువుల్లోకి పోతాయి. విదేశాల్లో ఆర్వీల కోసం ఒంపుకునే చోట్లు విడిగా ఉంటాయి. మనకు ఇంకా అంతగా లేవు. కేరళ 2021లోనే కారవాన్ టూరిజం అని విధానం ప్రకటించి పార్కుల వైపు అడుగేసింది. ఇక్కడ పెట్రోలు బంకు వాళ్లనో, లాడ్జి వాళ్లనో అడిగి, నాలుగు రూపాయలిచ్చి సెప్టిక్ ట్యాంకులో ఒంపించుకోండి.

ఇంకో మాట మీ చెవిన వేస్తాను. తిరగడం కోసం నేర్చుకున్న ఈ పని రేపు తిండి కూడా పెడుతుంది. లారీ బాడీలు కట్టే చేతులు ఆటోనగర్లో ఉన్నాయి. వైరింగు, సోలారు, కంప్యూటరు మీద డిజైను చేసే చదువు మీ దగ్గర ఉంది. సినిమావాళ్ల కారవాన్లు, మొబైల్ క్లినిక్కులు, ఊరూరా తిరిగే టిఫిను బండ్లు, ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారుగా. ఆ పని తాడేపల్లిలో, మంగళగిరిలో ఎందుకు జరగకూడదు? ఇంజనీరింగు పట్టా చేతిలో పట్టుకుని వెల్డింగు షాపు గడప తొక్కడానికి సిగ్గుపడే రోజులు పోవాలి. అక్కడి మేస్త్రీని "ఒరేయ్" అనకండి, బాబాయ్ అని పిలవండి. రెండు నెలలు ఆయన చెప్పిన పని చెయ్యండి.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి. బండి లేకపోతే మీ మామయ్య ట్రాక్టరో, ఎదురింటివాళ్ల బొలెరోనో అడగండి. ఎండ ముదరకముందే చదునైన చోట నిలబెట్టి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు లాగి, నాలుగు చక్రాలకూ రాళ్లు పెట్టండి. జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం ఎవరూ దూరొద్దు. కింద ఓ పాత పట్టా పరచుకోండి, సెల్ లైటు వేసుకోండి, ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా జరుగుతూ చూడండి. ఆయిలు కారిన మరక, వదులైన బోల్టు, బీటిచ్చిన రబ్బరు, తెగిన కమాను పట్టీ. కనపడినవన్నీ ఫోటో తీసుకోండి. పేరు తెలియనివి ఎన్నున్నాయో లెక్కపెట్టుకుని, ఆ ఫోటోలతో సోమవారం ఆటోనగర్ వెళ్లండి.